ద్వారక గోడల అవతల

ఉమ్మడి కుటుంబంలో పొరపొచ్చాలు వస్తే, పార్టీలో చీలిక మొదలైతే "ముసలం పుట్టింది" అంటాం. ఆ మాట ఎక్కడిదో చాలామందికి తెలుసు. సాంబుడికి ఆడవేషం వేసి మునులను ఆటపట్టించిన యాదవ కుర్రాళ్లు, మునుల శాపం, పుట్టిన ఇనుప రోకలి, దాన్ని పొడి చేయించి సముద్రంలో కలపడం, చివరికి తుంగపరకలే రోకళ్లై కులమంతా నాశనం కావడం. ఈ కథలో ఒక ముక్కను మాత్రం మనం తరచుగా వదిలేస్తాం. రోకలిని పొడి చేయించాక ద్వారకలో చాటింపు వేశారు. ఇకమీదట ఊళ్లో ఎవరూ మద్యం కాయకూడదు, కాస్తే వాణ్ని బంధువులతో సహా కొరత వేస్తాం అని. జనం రాజుకు భయపడి మానేశారు కూడా. ఆ తర్వాత అందరూ ప్రభాసతీర్థానికి యాత్ర కట్టారు. తిండితో పాటు మద్యమూ వెంట తీసుకెళ్లారు. ఊరు దాటారు, తాగారు. సాత్యకి, కృతవర్మ పాత యుద్ధం తాలూకు లెక్కలు తీసి మాటా మాటా అనుకున్నారు. మిగిలింది చెప్పక్కర్లేదు. శాపం ఉంది కనుక ఎలాగూ చచ్చేవాళ్లే కదా అనొచ్చు. అలాంటప్పుడు భారతంలోని మౌసల పర్వంలో ఆ చాటింపు ఊసు ఎందుకు వచ్చినట్టు? లోకంలో అంతకు మించిన కఠినమైన మద్యనిషేధం ఉండదు. అది కూడా ఊరి గోడ దాకానే పనిచేసిందని చెప్పడానికే అనిపిస్తుంది నాకు.

ఇక మన బడి సంగతి. ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జరుపుతాం. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన తేదీ అది. ప్రార్థన అయ్యాక ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కుడిచెయ్యి ముందుకు చాపి నిలబడతారు. మైకు దగ్గర మాస్టారు వాక్యాన్ని ముక్కలుగా విరిచి అందిస్తాడు. "మాదకద్రవ్యాల జోలికి" అని ఆయన ఆగితే, "మాదకద్రవ్యాల జోలికి" అని మూడొందల గొంతులు. "నేను ఎన్నడూ" అంటే "నేను ఎన్నడూ". చివరి వరసలో ఒకడు ముందువాడి చొక్కా మీద వేలితో ఏదో గీస్తూ ఉంటాడు. వరండా గోడకు పుర్రె బొమ్మ, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు, పక్కన నల్లబడ్డ ఊపిరితిత్తులు. పోలీసు అధికారి వచ్చి సెక్షన్లు, జైలు, పాడైపోయే భవిష్యత్తు గురించి చెబుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు, క్లాసులకు పోతారు. ఇందులో ఎవరి చిత్తశుద్ధినీ శంకించే పని లేదు. నేను అడిగేది వేరు. ఆ పొద్దున్న పిల్లవాడి నోట వచ్చిన 'వద్దు' ఎవరిది? మాస్టారిదా, పోలీసుదా, వాడిదా? భయంతో మానినవాడు నిజంగా మానినట్టేనా? ఇది బోధనా పద్ధతుల గొడవలా కనిపిస్తుంది కానీ, అడుగున ఉన్నది ధర్మానికి సంబంధించిన పాత ప్రశ్న.

ఈ ప్రశ్నను అమెరికా బోలెడు ఖర్చు పెట్టి పరీక్షించింది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అనే కార్యక్రమం మొదలైంది. యూనిఫారం వేసుకున్న పోలీసు బడికి వచ్చి, మత్తు ఎంత ప్రమాదమో, ఎవరైనా ఇస్తే ఎలా కాదనాలో వరసగా పాఠాలు చెప్పేవాడు. అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ 'వద్దని చెప్పండి చాలు' అనే ప్రచారం నడిపిన కాలం అది. కొన్నేళ్లలో డేర్ ఆ దేశపు బడుల్లో చాలావాటికి పాకింది. తల్లిదండ్రులకు నచ్చింది, టీచర్లకు నచ్చింది, పోలీసులకు మరీ నచ్చింది. 1990ల నుంచి పరిశోధకులు ఆ పాఠాలు విన్న పిల్లల్నీ విననివాళ్లనూ పోల్చి చూస్తే, మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2003లో అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ కూడా అదే తేల్చింది. 1998 నుంచి 2004 దాకా సుమారు 100 కోట్ల డాలర్లు పోసి టీవీల్లో, రేడియోల్లో మరో ప్రచారం నడిపారు. దాన్ని లెక్కగట్టినవాళ్లకు మేలు కనబడలేదు సరికదా, కొందరు పిల్లల్లో గంజాయి వైపు మొగ్గు పెరిగిందేమోనన్న సూచనలు కనిపించాయి. ఎందుకిలా అంటే, పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఒకటి చాలా మామూలుది. పిల్లవాడు తన లెక్క తాను వేసుకుంటాడు: ఇంతమంది పెద్దవాళ్లు ఇంత గట్టిగా అరుస్తున్నారంటే బయట అందరూ తాగుతూనే ఉండాలి, మిగిలింది నేనొక్కణ్నే.

భయం దండగని నేననడం లేదు. కరెంటు తీగ ముట్టుకోవద్దని మూడేళ్ల పిల్లకు భయం చెప్పాల్సిందే. కాకపోతే భయానికి కాపలా కావాలి. కాపలా లేనిచోట అది వెంటరాదు. 11 నుంచి 14 ఏళ్ల వయసంటే సరిగ్గా కాపలా సడలే వయసు. సైకిలు వస్తుంది, ట్యూషన్ వస్తుంది, ఫోను వస్తుంది, అమ్మకు తెలియని స్నేహితులు వస్తారు. అప్పుడు కావాల్సింది వాడు తన వెంట మోసుకుపోగలిగేది. దానికి మన దగ్గర పాత పేరు ఉంది, వ్రతం. బౌద్ధంలో దాని రూపం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అమరావతి, నాగార్జునకొండల నేల మీద వందల ఏళ్లు వినిపించిన పంచశీలలో ఐదోది మత్తుకు సంబంధించింది. చంపడం, ఇవ్వనిది తీసుకోవడం, కామంలో తప్పుడు నడత, అబద్ధం: మొదటి నాలుగూ ఎదుటివాడికి చేసే అన్యాయాలు. ఐదోదానికి కారణంగా చెప్పింది 'ప్రమాదం'. మనకు ప్రమాదమంటే లారీ బోల్తాపడటం. అసలు అర్థం ఏమరుపాటు. మద్యం దానంతటది పాపిష్టిదని కాదు, ఏమరుపాటుకు చోటిస్తుంది, ఏమరుపాటులో మిగతా నాలుగూ జారిపోతాయి. ఇంకో మాట చూడండి. ఈ నియమాలను శిక్షాపదాలు అన్నారు. అక్కడ శిక్ష అంటే శిక్షణ. మన వాడుకలో ఆ మాటకు దండన ఒక్కటే మిగిలింది. బడుల్లో పాఠానికి పట్టిన గతి కూడా అదే.

పిల్లలు ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞలో కూడా 'నేను' అనే ఉంటుంది కదా, అది వ్రతం ఎందుకు కాదు అని ఎవరైనా అడగొచ్చు. తేడా వ్యాకరణంలో లేదు, వరసలో ఉంది. శీలం తీసుకునే గృహస్థు ముందు తానే అడుగుతాడు, మూడుసార్లు. అడిగాకనే భిక్షువు చెబుతాడు. అడగనివాడికి ఇచ్చే పద్ధతి లేదు. మనం అడగకముందే ఇస్తాం, అందరికీ ఒకేసారి ఇస్తాం, ఇచ్చి ఫొటో తీసుకుంటాం. పన్నెండేళ్లవాడు తనంతట తాను అడిగే స్థితికి ఎలా వస్తాడన్నదే అసలు సమస్య. నా జవాబు ఒక్కటే: నిజం చెబితే వస్తాడు. మత్తు గురించీ, మన గురించీ, వాడి గురించీ.

మొదట మత్తు గురించి. పోస్టరు చెప్పే కథలో మత్తుకు రుచి లేదు, హాయి లేదు, ఉన్నదల్లా పుర్రె. కఠోపనిషత్తు పిల్లవాడి కథే, కానీ అది ఈ పని చేయదు. నచికేతుణ్ని అందులో కుమారుడనే అన్నారు. ఇంటికొచ్చిన ఆ కుర్రవాడికి యముడు చూపించినవి చిన్నవి కావు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, అడిగినంత ఆయుష్షు, రథాలెక్కి వాద్యాలతో వచ్చే అప్సరసలు. ఇవేవీ సుఖాలు కావని యముడూ అనలేదు, నచికేతుడూ అనలేదు. వాడు కాదన్న కారణాలు వేరు: ఇవి రేపటి దాకానే ఉంటాయి, ఇంద్రియాల సత్తువను అరగదీస్తాయి, ఎంత ఆయుష్షయినా చివరికి కొంచెమే. ఆ తర్వాతే యముడు శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండు దారులు విడదీసి చెప్పాడు. ప్రేయస్సు అన్న మాటలోనే ఇష్టం ఉంది. ఇష్టంగా ఉండదని అబద్ధం చెబితే, ఎంచుకోవడానికి రెండో దారే లేదు, ఇక ఎంపిక ఎక్కడిది? ఖురాన్‌లో మద్యం గురించిన మాట కూడా దశలవారీగా వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు. మొదట అందులో కొంత లాభమూ ఉంది, దాన్ని మించిన కీడూ ఉందన్న మాట, తర్వాత మత్తులో నమాజుకు రావద్దన్న మాట, చివరికి పూర్తి నిషేధం. లాభముందని ఒప్పుకోవడంతో మొదలైన నిషేధం అది. ఎదుటివాడికి బుద్ధి ఉందని నమ్మినవాళ్లు మాట్లాడే తీరు.

పిల్లలకు మత్తు హాయిగా ఉంటుందని చెప్పడం ప్రచారం చేసినట్టు కాదా? ఈ అభ్యంతరం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. అసలు పేరెత్తకపోతేనే మంచిది, లేని ఆలోచన మనమే పుట్టించిన వాళ్లమవుతామనే తల్లులు ఎందరో ఉన్నారు. అయితే ఆ ఆలోచన లేని పిల్లలు ఎక్కడున్నారు? మన భాషలో జ్వరానికి వేసేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, సాయంత్రం నాన్న తాగేదీ మందే. మూడో మందు అర్థం ఆరో తరగతికి వచ్చేసరికి ప్రతి పిల్లకూ తెలుసు. సినిమాలో హీరో బాధపడితే సీసా, సంతోషపడితే సీసా. మనం నోరు మూసుకుంటే ఆ ఖాళీలో మాట్లాడేవాళ్లు బోలెడంత మంది. ఇక అబద్ధానికి ఇంకో ప్రమాదం ఉంది. ఒక్కసారి తాగితే జీవితం సర్వనాశనం అని చెప్పిన పాఠాన్ని, ప్రతి ఆదివారం తాగి సోమవారం మామూలుగా ఆఫీసుకు పోయే బాబాయి ఒక్కడు చాలు కొట్టిపారేయడానికి. కల్లు గురించి చెప్పింది అబద్ధమని తేలాక, గంజాయి గురించి, బుగ్గన పెట్టుకునే ఖైనీ గురించి చెప్పింది కూడా వాడు నమ్మడు. హైదరాబాదు చుట్టుపక్కల పట్టుబడుతున్న గంజాయి చాక్లెట్ల గురించి, లోపల ఏముందో అమ్మేవాడికే తెలియని మాత్రల గురించి పిల్లవాడు మన మాట నమ్మాల్సిన రోజున, మన పరపతి అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అతిశయోక్తికి అయ్యే ఖర్చు అది.

దీనికన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. పన్నెండేళ్లవాడికి శ్రేయస్సు, ప్రేయస్సు అంటే ఏం తెలుస్తుంది, నచికేతులు యుగానికొకరు పుడతారు, మిగతావాళ్లకు బెత్తమే గతి అని. శాస్త్రం కూడా వాళ్ల పక్షానే సగం నిలబడుతుంది. ముందూ వెనకా ఆలోచించి ఆపే మెదడు భాగం పూర్తిగా పండేది ఇరవైలు నడిచాకనే. 2005లో అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించారు. తెర మీద కారు నడిపే ఆట, పసుపు దీపం వెలిగితే ఆపాలా, దూసుకుపోవాలా. 13 నుంచి 16 ఏళ్లవాళ్లు ఒంటరిగా ఆడినప్పటికన్నా పక్కన స్నేహితులు చూస్తుంటే చాలా ఎక్కువ సాహసాలు చేశారు. 24 దాటినవాళ్లకు ఎవరు చూసినా ఒకటే. అంటే ఆ వయసులో తెలివి లేక కాదు, నలుగురిలో ఉన్నప్పుడు ఆ తెలివి అక్కరకు రావడం లేదు. ఇది బెత్తానికి అనుకూలమైన సాక్ష్యం కాదు, ఆ చోట బెత్తం కూడా ఉండదు కదా. ఇది చెప్పేదల్లా ఒకటే: తెలియడం చాలదు, అలవాటు కావాలి. మంచితనం చిన్ననాటి అలవాటులోంచి వస్తుందని అరిస్టాటిల్ అన్నది వినడానికి చప్పగా ఉంటుంది కానీ, ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. స్నేహితుడు సీసా చాపినప్పుడు ఏమనాలో తరగతిలో నాటకంలా పదిసార్లు ఆడినవాడికి పదకొండోసారి నోట మాట పెగులుతుంది. "మా నాన్న చంపేస్తాడ్రా" అన్నా పర్వాలేదు, "నాకు రేపు మ్యాచ్ ఉంది" అన్నా పర్వాలేదు. ఉపన్యాసం బదులు ఇలాంటి సాధన చేయించిన కార్యక్రమాలకు డేర్ కన్నా మంచి ఫలితాలు వచ్చాయి.

గీత రెండో అధ్యాయంలో పతనం మెట్టు మెట్టుగా దిగుతుంది. విషయాల మీద ధ్యాస, దాని వల్ల సంగం, సంగం నుంచి కోరిక, అక్కడి నుంచి కోపం, మోహం, మతి తప్పడం, బుద్ధి నాశనం. వ్యసనం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన వర్ణన నేను చూడలేదు. గమనించాల్సింది, ఈ గొలుసును తెంచగలిగే చోటు పైమెట్ల దగ్గరే. బుద్ధి పోయాక తెంచమంటే ఏ బుద్ధితో తెంచుతాడు? 1997లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద సర్వే విశ్లేషణలో, 15 ఏళ్లలోపు తాగుడు మొదలుపెట్టినవాళ్లలో సుమారు 40 శాతం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతం. తొందరగా మొదలుపెట్టడమే కారణమా, లేక కష్టాల ఇళ్లలోని పిల్లలే తొందరగా మొదలుపెడతారా అన్న వాదన ఇంకా ఉంది. ఉన్నా, ఆ తేడా మాత్రం మిడిల్ స్కూలు వయసుకు ఎందుకింత బరువుందో చూపిస్తుంది. సంగం అన్న మాటలో మన చెవికి సాంగత్యం కూడా వినిపిస్తుంది. సంస్కృత పండితులు నన్ను క్షమించాలి, ఆ వినికిడి ఇక్కడ తప్పు కాదు. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం అంతకుముందు నెలలో ఒక్కసారైనా మత్తుగా తాగినవాళ్లే. 2016కి అది 5 శాతానికి పడిపోయింది. వాళ్లు ఉపన్యాసాలు పెంచలేదు. సాయంత్రాలను మార్చారు. ఆటలకు, సంగీతానికి సర్కారు డబ్బిచ్చింది, రాత్రి పొద్దుపోయాక పిల్లలు బయట తిరగకూడదన్నారు, ఒక వీధి తల్లిదండ్రులంతా ఒక మాట మీద నిలబడ్డారు. చిన్న దేశం, డబ్బున్న దేశం అనొచ్చు. నిజమే. కానీ సాయంత్రం నాలుగున్నర తర్వాత పిల్లవాడికి ఏముంది అనే ప్రశ్న ఏ దేశానికైనా ఒకటే. ఆటస్థలం లేని బడికి పర్మిషన్ ఇచ్చి, మత్తు వద్దని గోడ మీద రాయడంలో ఉన్న హాస్యం మనకు తట్టదు.

ఇంకో అభ్యంతరం మన నేల మీదిది. బోనాల్లో పోచమ్మకు, ఎల్లమ్మకు కల్లు సాక పోస్తారు. గూడేల్లో పండగకూ చావుకూ ఇప్పసారా ఉంటుంది. చర్చిలో ద్రాక్షారసం పవిత్రం. మోకు, ముత్తాదు కట్టుకుని తాటిచెట్టెక్కే గౌడ తండ్రి కూతురు ఏడో తరగతి బెంచీలో కూర్చుని వింటుంటే, కల్లు రాక్షసి అని చెప్పే టీచరు ఆ పిల్లకు ఏం చెబుతున్నట్టు? మీ నాన్న పని పాపం, మీ అవ్వ మొక్కు మురికి అని. ఆ పిల్లకు ఆ పూట మత్తు మీద అసహ్యం పుట్టదు, బడి మీద పుడుతుంది. మద్యాన్ని అంటు, మైల అనే భాషలో తిట్టడం వెనక కులం నీడ ఎంతో ఉందని ఒప్పుకోవాలి. అందుకే ఈ వాదాన్ని శౌచం మీద నిలబెట్టకూడదు, కాలం మీద నిలబెట్టాలి. ప్లేటో తన చివరి గ్రంథంలో ద్రాక్షారసాన్ని మొత్తంగా నిషేధించలేదు, 18 ఏళ్ల దాకా దాని రుచే చూపొద్దన్నాడు. మన రెండు రాష్ట్రాల చట్టం 21 అంటుంది. కల్లు దించే తండ్రి కూడా కూతురికి చెప్పగలిగిన మాట ఇదే: ఇది నీ వయసుకు కాదు. పెద్దయ్యాక తాగొచ్చు అంటే తాగడమే పెద్దరికానికి గుర్తవుతుంది కదా అంటారా, అవుతుంది, ఆ ముల్లు ఉంది. పెద్దరికానికి ఇంకే గుర్తులూ మనం ఇవ్వకపోతే అదొక్కటే మిగులుతుంది. ఇంటి సంత ఖర్చు లెక్క, చెల్లెలి బాధ్యత, ఊరి టోర్నమెంటు నిర్వహణ పన్నెండేళ్లవాడి చేతిలో పెట్టే ఇల్లు ఆ ముల్లును కొంత తీయగలదు.

ఇక పెద్దల గురించి నిజం. నచికేతుడి కథ యముడి దగ్గర మొదలు కాదు, గోవుల దగ్గర మొదలవుతుంది. తండ్రి సర్వస్వం దానమిచ్చే యాగం చేస్తున్నాడు. దానానికి తోలుకొచ్చిన ఆవులు చూడండి. తాగాల్సిన నీళ్లు తాగేసినవి, మేయాల్సిన గడ్డి మేసేసినవి, పాలు ఉడిగిపోయినవి, ఇక ఈనలేనివి. పక్కన నిలబడ్డ కొడుకు ఆ బక్కచిక్కిన డొక్కలను చూశాడు, మంత్రాన్ని కాదు. నన్నెవరికిస్తావు నాన్నా అని మూడుసార్లు అడిగాడు. తండ్రికి కోపం వచ్చింది. తప్పు చూసిన పిల్లవాడి మీద పెద్దవాళ్లకు వచ్చే కోపం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. పెళ్లింట్లో రాత్రి ఎనిమిదింటికి మేడ మీద గది తలుపు కొంచెం తెరుచుకుంటుంది. లోపల్నించి మేనమామ చెయ్యి బయటికొస్తుంది, అందులో అయిదొందల నోటు. "రేయ్, రెండు సోడాలు, ఒక మిక్స్చర్ పాకెట్, ప్లాస్టిక్ గ్లాసులు పట్టుకురా. మిగిలింది ఉంచుకో." పన్నెండేళ్లవాడు పరిగెత్తుకెళ్లి తెస్తాడు. "మా అల్లుడు హుషారు" అని మెచ్చుకుంటారు. జూన్ 26 నాటి వాక్యం కన్నా ఈ మెప్పు వాడికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

పెద్దవాళ్లు మారకుండా పిల్లలకు చెప్పే హక్కు లేదా? అంత దూరం నేను వెళ్లను. తాగే తండ్రి కూడా కొడుకుకు చెప్పాలి. ఎలా చెప్పాలో భారతంలోనే ఉంది. శుక్రాచార్యుడు రాక్షసుల మోసంలో పడి, శిష్యుడైన కచుడి బూడిద కలిపిన మద్యం తాగేశాడు. తెలివొచ్చాక నిందను రాక్షసుల మీదికి నెట్టి ఊరుకోలేదు. తన తాగుడు ఎంతపని చేసిందో చూసుకుని బ్రాహ్మణులకు ఆ నిషేధం పెట్టాడు. ఆ నియమం పుట్టింది ఒక పెద్దమనిషి తన పొరపాటును ఒప్పుకోవడంలోంచి. "నేను మానలేకపోయాన్రా, ఎందుకు మానలేకపోయానో చెబుతాను విను" అనే తండ్రి మాటకు ఉండే బరువు ఏ పోస్టరుకూ ఉండదు.

ప్రభుత్వానికి మాత్రం ఈ ఒప్పుకోలు చేతకాలేదు. రాజ్యాంగం 47వ అధికరణం మత్తును నివారించే ప్రయత్నం చేయమంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో సర్కారే సారాను పాకెట్లలో పోసి పల్లెలకు పంపింది, ఆ పథకానికి మద్యదేవత పేరు పెట్టి వారుణి వాహిని అంది. దానికి ఎదురు తిరిగింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. అక్షరాస్యత తరగతిలో చదువుకున్న పాఠంలో సారాతో చితికిన సంసారం కథ ఉంది, అది తమ కథేనని వాళ్లకు తోచింది. భయపెట్టిన పాఠం కాదది, వాళ్లకు తెలిసిందే అక్షరాల్లో చూపించిన పాఠం. 1992లో సారా దుకాణాలు మూయించిన ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. పై నుంచి వచ్చిన 'వద్దు' ఖజానా లెక్కల ముందు రెండేళ్లు ఆగింది. కింది నుంచి వచ్చింది, ఒక పాఠం చదివి తమంతట తాము అడిగినవాళ్ల నుంచి వచ్చింది, ఇప్పటికీ ఊళ్లలో బెల్టు షాపుల ముందు బైఠాయించే ఆడవాళ్ల నోళ్లలో వినిపిస్తూనే ఉంది. బళ్లో చెప్పే పాఠం దేనిలా ఉండాలో ఎంచుకోవడం కష్టం కాదు.

చివరగా, అప్పటికే ముట్టుకున్న పిల్లల గురించి. నివారణ గురించి రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది వీళ్లనే. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో, వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చడం పెద్దవాళ్లలో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉంది. పెద్దవాళ్ల కంటే పిల్లల్లో ఎక్కువున్న మత్తు అదొక్కటే. దానికి బ్రాందీ షాపు అక్కర్లేదు, స్టేషనరీ కొట్టు చాలు. ఆకలి తెలియకుండా ఉండటానికి పీల్చేవాళ్లున్నారు, చలి తెలియకుండా ఉండటానికి పీల్చేవాళ్లున్నారు. వాళ్లకు శ్రేయస్సు గురించి చెప్పడం కన్నా ముందు అన్నం పెట్టాలనే విమర్శకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. పెట్టాలి. కానీ తిండి ఉన్న పిల్లవాడు కూడా ఒకసారి జారితే మన బడి ఏం చేస్తుంది? బ్యాగులో ఖైనీ దొరికితే, తరగతిలో వైట్నర్ వాసన వస్తే, తల్లిని పిలిపిస్తుంది, మిగతా పిల్లలు చెడిపోతారంటుంది, టీసీ చేతిలో పెడుతుంది. బడి బాగుంటుంది. పిల్లవాడు గేటు బయట ఉంటాడు, అక్కడ ప్రతిజ్ఞ చేయించేవాళ్లెవరూ లేరు.

మిగతా పిల్లల్ని కాపాడాలి కదా అన్న ప్రిన్సిపాల్ బాధ నిజమైనదే, ఒక్కడు నలుగురికి అలవాటు చేస్తాడు. అయితే ఆ నలుగురూ చూస్తున్నారు కూడా. ఒకసారి తప్పితే ఇక తలుపు మూతేనని వాళ్లకు అర్థమవుతుంది. రేపు తాము తప్పితే చెప్పకుండా దాచడమే దారి అని కూడా. బౌద్ధుల పద్ధతిలో శీలం తప్పినవాణ్ని గృహస్థుల్లోంచి వెలివేయరు, వాడు మళ్లీ తీసుకుంటాడు. ఉపోసథ అనే వ్రతదినాలు వస్తూ ఉంటాయి, వచ్చిన ప్రతిసారీ తీసుకోవచ్చు, నిన్న తప్పినవాడూ ఎన్నడూ తప్పనివాడూ పక్కపక్కనే కూర్చుని అదే మాట అంటారు. మన బడి డైరీలో అలాంటి రోజు కోసం వెతికితే జూన్ 26 ఒక్కటే కనిపిస్తుంది, అదీ చాలా పాఠశాలల్లో కొత్త అడ్మిషన్ల హడావుడి మధ్య.